పర్చేజ్‌లో మాట జారకుండా: ఇండెంట్ నుంచి పేమెంట్ దాకా ఎవరితో ఏం మాట్లాడాలి, ఏం రాసి పెట్టాలి

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లోనైనా, జడ్చర్ల, చౌటుప్పల్ వైపు ఫ్యాక్టరీల్లోనైనా కొత్తగా పర్చేజ్ సీట్లో కూర్చున్నవాళ్లు పదేపదే అడిగేది ఇదే. "బేరం ఆడటం వచ్చు సార్, కానీ ఇటు మెయింటెనెన్స్ వాళ్లు గొడవ పెడుతరు, అటు సప్లయర్ ఫోన్ ఎత్తడు, మధ్యల అకౌంట్స్ వాళ్లు బిల్లు వెనక్కి పంపుతరు, ఏం చెయ్యాలె?"

ఈ గైడ్ దాని కోసమే. తప్పు సామాను వచ్చినా, లేటుగా వచ్చినా, బిల్లు ఆగిపోయినా వెనక్కి తవ్వి చూడండి, దాదాపు ప్రతిసారీ ఒకరు ఒకటి చెప్పి ఉంటారు, ఇంకొకరు ఇంకోలా విని ఉంటారు, ఎక్కడా రాసి ఉండదు. రేటులో పది పైసలు తగ్గించడానికి గంటసేపు మాట్లాడేవాళ్లం, ఆ మాట్లాడినది రెండు లైన్లలో రాసి పంపడానికి మాత్రం బద్ధకిస్తాం. కింద ఉన్న పద్ధతంతా ఆ రెండు లైన్లు ఎప్పుడు, ఎవరికి, ఎలా రాయాలన్న దాని గురించే.

1. మొదలుపెట్టే ముందు మూడు లిస్టులు చేసుకోండి

ఇవి లేకుండా ముందుకెళ్తే ప్రతి ఆర్డరూ మొదటి ఆర్డర్‌లాగే ఉంటుంది. ఎక్సెల్‌లో చేసుకోండి, అది రాకపోతే లాంగ్ బుక్కులో రాసుకోండి, ఏదైనా సరే.

మొదటి లిస్టు మన లోపలి వాళ్లది. ఏ డిపార్ట్‌మెంట్ నుంచి ఎవరు ఇండెంట్ (సామాను కావాలని రాసిచ్చే చిట్టీ) పెట్టొచ్చు, ఎంత మొత్తం దాకా ఎవరు ఓకే చెప్పొచ్చు, సామాను వస్తే ఎవరు దించుకుంటారు, ఎవరు చెక్ చేస్తారు. చాలా మిల్లుల్లో ఇది ఎవరి నోట్లోనో ఉంటుంది తప్ప కాగితం మీద ఉండదు. ఓనర్ దగ్గర ఒకసారి కూర్చుని రాయించుకుని, సంతకం పెట్టించుకోండి.

రెండో లిస్టు సప్లయర్లది. ఒక్కో సప్లయర్‌కి ఒక్క నంబర్ ఉంటే సరిపోదు. సేల్స్ మనిషి, డిస్పాచ్ మనిషి, అకౌంట్స్ మనిషి, ఓనర్, నలుగురి నంబర్లూ ఉండాలి. సేల్స్ అతను ఆర్డర్ వచ్చేదాకే ఉత్సాహంగా ఫోన్ ఎత్తుతాడు, లారీ ఎక్కడుందో అతనికి తెలియదు, డిస్పాచ్ వాళ్లకే తెలుస్తుంది. జీఎస్టీ నంబరు, ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న, మధ్య తరహా పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదైనట్టు కాగితం), బ్యాంకు వివరాలు కూడా ఇక్కడే పెట్టుకోండి.

మూడోది సామాన్ల పేర్ల లిస్టు, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఇదే. లోపల ఫిట్టర్ "ఎలివేటర్ కింది బేరింగ్" అంటాడు. సికింద్రాబాద్ రాణిగంజ్ షాపులో ఆ మాట అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, అక్కడ నంబరు కావాలి. అందుకని మూడు కాలమ్‌లు గీసుకోండి: మన దగ్గర పిలిచే పేరు, మార్కెట్‌లో పిలిచే పేరు, పూర్తి వివరం. రోజుకి నాలుగైదు ఐటమ్‌లు రాసుకుంటూ పోతే సీజన్ మొదలయ్యేసరికి లిస్టు తయారవుతుంది.

2. ఇండెంట్ దగ్గరే అన్నీ అడిగేయండి

లోపలి వాళ్లతో గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. "బేరింగ్ కావాలి, రెండు" అని చిట్టీ వస్తుంది. ఆ చిట్టీ పట్టుకుని కొటేషన్ అడిగితే తర్వాత వచ్చే తిట్లకి మనమే బాధ్యులం.

బేరింగే తీసుకోండి. 6205 అంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. కానీ 6205 జెడ్‌జెడ్ అంటే రెండు వైపులా రేకు మూత, 6205 2ఆర్ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు సీలు. ఊక, దుమ్ము ఎగిరే చోట రేకు మూతది పెడితే సందుల్లోంచి దుమ్ము లోపలికి పోతుంది, తొందరగా పాడవుతుంది. చివర్లో సీ3 అని ఉంటే లోపల క్లియరెన్స్ కాస్త ఎక్కువ అని, వేడెక్కే చోట వాడతారు. నంబరు మొత్తం రాకపోతే షాపువాళ్లు చేతికి అందినది ఇస్తారు, అందులో వాళ్ల తప్పేం లేదు.

వీ-బెల్ట్ కూడా అంతే, బీ 72 అంటే బీ సెక్షన్, 72 అంగుళాల సైజు. ఒకే పుల్లీ మీద నాలుగు బెల్టులు నడుస్తుంటే నాలుగూ ఒకే సెట్‌గా కావాలని రాయాలి, లేకపోతే ఒకటి బిగుతుగా, ఒకటి వదులుగా వచ్చి అన్నీ కలిసి త్వరగా తెగుతాయి. మోటార్ అయితే హెచ్‌పీ ఒక్కటే చాలదు, 1440 ఆర్‌పీఎమ్ కావాలా 2880 కావాలా, ఫుట్ మౌంటా (కింద కాళ్లతో బేస్ మీద బిగించేది) ఫ్లాంజ్ మౌంటా (ముందు వైపు గుండ్రటి అంచుతో బిగించేది) అడగాలి. ఫ్లాంజ్ మోటార్ తెచ్చి ఫుట్ బేస్ మీద పెట్టలేక రోజంతా ఆగిన ఫ్యాక్టరీలు ఈ చుట్టుపక్కల తక్కువేం లేవు.

పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) సంచులకైతే సైజు, సంచి బరువు ఎన్ని గ్రాములు, లామినేషన్ ఉందా లేదా, ప్రింటింగ్ ఎన్ని రంగులు, మూతి మడత కుట్టినదా కాదా. ప్రింటింగ్ డిజైన్ ఫొటో పంపి ఊరుకోవద్దు, బరువు, ఎంఆర్‌పీ, తేదీ వేసే చోటు, బ్రాండ్ స్పెల్లింగ్ అన్నీ ఓనర్ చూసి ఓకే అన్న ఫైలే ప్రింటర్‌కి వెళ్లాలి.

ఇండెంట్ తీసుకునేటప్పుడు చెక్‌లిస్ట్:

- పూర్తి నంబరు లేదా నేమ్‌ప్లేట్ ఫొటో (పాత ముక్క దొరికితే అది తెప్పించుకోండి)
- ఎన్ని కావాలి, ఏ యూనిట్‌లో: పీసులా, సెట్లా, కిలోలా, మీటర్లా
- ఏ మెషిన్‌కి, ఎక్కడ వాడతారు
- స్టోర్‌లో ఇప్పుడు ఎన్ని ఉన్నాయి (స్టోర్ కీపర్‌ని అడిగి రాయాలి, అంచనాగా కాదు)
- ఏ తేదీకి కావాలి
- పోయినసారి ఎవరి దగ్గర తెచ్చారు, అది బాగుందా
- అడిగినవాళ్ల సంతకం, ఓకే చేసినవాళ్ల సంతకం

ఏదైనా ఖాళీగా ఉంటే చిట్టీని ఊరికే వెనక్కి పంపకండి, ఫోన్ చేసి అడిగి మీరే నింపండి. "మీరు సరిగ్గా రాయలేదు" అన్న మాట వింటే ఫోర్‌మన్ మరుసటిసారి మనల్ని దాటి నేరుగా ఓనర్ దగ్గరికి పోతాడు. "అన్నా, షాపుల ఇది అడుగుతరు, జెడ్‌జెడా, రబ్బరుదా? జర పాతది చూసి చెప్పు" అంటే నిమిషంలో పని అయిపోతుంది.

3. "అర్జెంట్" అన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న

అన్ని ఇండెంట్ల మీదా అర్జెంట్ అని రాసి ఉంటే ఏదీ అర్జెంట్ కాదు. అర్జెంటా అని అడగొద్దు, అవుననే అంటారు. "ఇది రాకపోతే ఏ మెషిన్ ఎప్పుడు ఆగుతుంది?" అని అడగండి. జవాబు బట్టి మూడు రకాలు చేసుకోండి.

- ఇప్పటికే ఆగింది: ఈ రోజే, బస్సులోనో మనిషిని పంపో తెప్పించాలి
- ఈ వారంలో ఆగొచ్చు: కొటేషన్ ఇద్దరి దగ్గర తీసుకుని రేపటికల్లా ఆర్డర్
- స్టాక్ కోసం: మామూలు పద్ధతి, ముగ్గురి దగ్గర కొటేషన్

మొదటి రకానికి హైదరాబాద్ షాపు నుంచి ఆర్టీసీ కార్గోలో వేయించుకోవడం నల్గొండ, మహబూబ్‌నగర్ రెండు వైపులా బాగా నడిచే దారి. షాపు అతన్ని పార్సిల్ రసీదు ఫొటో, బస్సు బయలుదేరిన టైమ్ పంపమని అడిగి, అదే మెసేజ్ ఫోర్‌మన్‌కి ఫార్వర్డ్ చేయండి. ఆయనకి బస్సు ఎప్పుడు వస్తుందో తెలిస్తే ఫిట్టర్లని అప్పటికి ఉంచుకుంటాడు, లేకపోతే వాళ్లు ఇంటికెళ్లిపోతారు, సామాను వచ్చి కూడా మెషిన్ తెల్లారిందాకా అలాగే ఉంటుంది.

4. కొటేషన్ అడిగేటప్పుడు అందరికీ ఒకటే మెసేజ్

ఒకరికి ఫోన్‌లో చెప్పి, ఇంకొకరికి వాట్సాప్‌లో సగం రాసి, మూడోవారికి పాత బిల్లు ఫొటో పంపితే వచ్చే మూడు రేట్లని పోల్చలేం. ఒకటే మెసేజ్ రాసుకుని అందరికీ పంపండి. ఇలా ఉంటే చాలు:

"నమస్తే సార్. కింది సామానుకి రేటు కావాలి. పీపీ సంచి, 25 కిలోల సైజు, బరువు ... గ్రాములు, లామినేషన్ ఉండాలి, ప్రింటింగ్ 4 రంగులు (డిజైన్ జతచేశాను). 20,000 సంచులు. డెలివరీ మిర్యాలగూడ మిల్లు దగ్గర, ... తేదీ లోపు. రేటులో కిరాయి కలిసి ఉందా, జీఎస్టీ ఎంత, సిలిండర్ ఛార్జీ వేరేనా, పేమెంట్ ఎన్ని రోజులు, రేటు ఎప్పటిదాకా ఉంటుందో రాయండి. బుధవారం సాయంత్రం 5 లోపు పంపగలరు."

సిలిండర్ ఛార్జీ అంటే ప్రింటింగ్ అచ్చు చేయించే ఖర్చు. చివరి తేదీ, టైమ్ రాయడం మర్చిపోవద్దు. టైమ్ రాయని మెసేజ్‌కి జవాబు కూడా వాళ్ల టైమ్‌లోనే వస్తుంది.

వచ్చాక పోల్చేది మన గేటు దగ్గర పడే ఖర్చుని. ఒకరు సంచి 14.20 అన్నారు, వాళ్ల ఫ్యాక్టరీ దగ్గర అనుకోండి. ఇంకొకరు మిల్లు దాకా కలిపి 14.75 అన్నారు. మొదటివాళ్ల సామానుకి లారీ కిరాయి 12,000 అయితే 20,000 సంచుల మీద సంచికి 60 పైసలు, అంటే 14.80 పడుతుంది. పైకి చవకగా కనిపించినదే ఖరీదైంది.

జీఎస్టీ విషయంలో అకౌంట్స్ వాళ్లని ముందే అడగండి. పన్ను క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని, అమ్మినప్పుడు కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం) మొత్తం దొరికే ఫ్యాక్టరీకి పన్ను లేకుండా రేటు పోలిస్తే సరిపోతుంది. కానీ రైస్ మిల్లుల సంగతి వేరు. 25 కిలోల వరకు లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం మీద జీఎస్టీ ఉంది, విడిగా లేదా అంతకంటే పెద్ద సంచుల్లో అమ్మే బియ్యం మీద లేదు. పన్ను లేని అమ్మకాలకి సంబంధించిన కొనుగోళ్ల మీద క్రెడిట్ రాదు, అందుకని అలాంటి మిల్లులో పన్నుతో కలిపిన రేటే అసలు ఖర్చు కావచ్చు.

ఒకరి రేటు ఇంకొకరికి చెప్పడం, ముఖ్యంగా కొటేషన్ ఫొటో తీసి పంపడం, నాకు అస్సలు నచ్చని అలవాటు. రెండుసార్లు అలా చేస్తే ఊరంతా తెలుస్తుంది, మూడోసారి నుంచి ఎవరూ మొదట అసలు రేటు చెప్పరు. "మా బడ్జెట్ ఇంత వరకే సార్, మీరు చూడండి" అని చెప్పొచ్చు, అందులో దాచేదీ లేదు, మోసమూ లేదు.

ఇక ఫార్మా వైపు పనిచేసేవాళ్లకి ఒక హెచ్చరిక. ముడిసరుకు, సాల్వెంట్లు కొనేటప్పుడు రేటు తక్కువుందని కొత్త సప్లయర్ దగ్గరికి పోవడానికి మీకు ఒక్కరికే అధికారం ఉండదు, క్వాలిటీ వాళ్లు ఆమోదించిన లిస్టులో ఉండాలి. కొటేషన్ అడిగే ముందే వాళ్లకి రాయండి, తర్వాత కాదు.

5. బేరం ఫోన్‌లో, ముగింపు రాతలో

బేరం ఫోన్‌లోనే బాగా జరుగుతుంది, మన దగ్గర మనుషులు మాట వింటేనే కరుగుతారు. ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో మాత్రం ఇది పంపాలి: "సార్, ఇప్పుడు మాట్లాడుకున్నట్టు రేటు 14.60, మిల్లు డెలివరీ, పేమెంట్ 30 రోజులు, సిలిండర్ ఛార్జీ లేదు. సరేనా?" అటు నుంచి "ఓకే" వచ్చేదాకా బేరం అయిపోలేదు.

ఓనర్లే నేరుగా సప్లయర్‌కి ఫోన్ చేసి ఆర్డర్ చెప్పేసే చోట్ల కూడా ఇదే పనికొస్తుంది. ఓనర్‌ని ఆపలేం, ఆపాల్సిన పనీ లేదు. "సార్, మీరు ఫోన్ల చెప్పింది ఇట్ల రాసుకున్న, పీఓ పంపమంటరా?" అని ఒక మెసేజ్ పెట్టండి (పీఓ అంటే పర్చేజ్ ఆర్డర్). నెల తర్వాత బిల్లు వచ్చినప్పుడు "ఇది ఎవరు చెప్పిండ్రు?" అన్న ప్రశ్న రాదు.

6. పర్చేజ్ ఆర్డర్‌లో ఏం ఉండాలి

చిన్న కొనుగోలు అయినా పీఓ పంపండి. నంబరు, తేదీ, సంతకం ఉన్న ఒక పేజీ చాలు.

- సామాను పూర్తి వివరం, మూడో లిస్టులో ఉన్నట్టే
- పరిమాణం, రేటు, పన్ను, కిరాయి ఎవరిది
- డెలివరీ తేదీ, గేటు టైమింగ్స్, హమాలీ ఖర్చు ఎవరిది
- సామానుతో రావాల్సిన కాగితాలు: బిల్లు, ఈ-వే బిల్లు (దారిలో సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం), అవసరమైతే టెస్ట్ సర్టిఫికెట్, వారంటీ కార్డు
- పేమెంట్ రోజులు, అవి ఏ తేదీ నుంచి లెక్క
- బిల్లు మీద మన పీఓ నంబరు తప్పకుండా రాయాలన్న లైను
- సామాను తేడా వస్తే ఏం చేయాలన్న లైను

పంపి వదిలేయకండి. "పీఓ అందింది, ఈ తేదీకి ఇస్తాం" అని వాళ్ల నుంచి రాతపూర్వకంగా రావాలి. మరునాటికి రాకపోతే ఫోన్ చేయండి. ఆ జవాబు కాపీ స్టోర్‌కీ, ఇండెంట్ పెట్టినవాళ్లకీ పంపండి.

జీఎస్టీ నంబరు మొదటి రెండు అంకెలు ఒకసారి చూసుకోండి. 36 అంటే తెలంగాణ, 37 ఆంధ్రప్రదేశ్, 29 కర్ణాటక. వాడపల్లి దాటి కృష్ణ అవతలి నుంచో, మహబూబ్‌నగర్ వాళ్లు రాయచూర్ నుంచో తెప్పించుకుంటే దూరం దగ్గరే కావచ్చు, కానీ బిల్లులో ఐజీఎస్టీ (వేరే రాష్ట్రం నుంచి కొంటే పడే పన్ను) రావాలి. దగ్గరే కదా అని వాళ్ల బిల్లింగ్ అబ్బాయి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం లోపలి అమ్మకానికి పడేవి) వేస్తే ఆ బిల్లు అకౌంట్స్‌లో ఆగుతుంది.

7. ఫాలో అప్: జవాబు వచ్చేలా అడగడం

"సార్, మా సామాను ఏమైంది?" అంటే "పంపిస్తున్నం సార్, రేపు ఎక్కుతది" అన్న జవాబే వస్తుంది. ఆ రేపు వారం దాకా సాగుతుంది. ప్రశ్న మారిస్తే జవాబు మారుతుంది.

- "సామాను తయారైందా? ఒక ఫొటో పెట్టండి."
- "ఏ ట్రాన్స్‌పోర్ట్‌లో వేస్తున్నారు, వాళ్లకి మా ఊళ్లో బ్రాంచి ఉందా?"
- "ఎల్ఆర్ నంబరు, లారీ నంబరు, డ్రైవర్ ఫోన్ పంపండి." (ఎల్ఆర్ అంటే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లిచ్చే సరుకు రసీదు)
- "ఈ-వే బిల్లు ఎప్పటిదాకా ఉంది?"

రెండో ప్రశ్న మనలాంటి జిల్లా ఊళ్లకి చాలా ముఖ్యం. కొన్ని ట్రాన్స్‌పోర్ట్‌లు హైదరాబాద్ గోడౌన్ దాకే తెస్తాయి. సప్లయర్ "పంపేశాం" అని నిశ్చింతగా ఉంటాడు, మనం ఎదురుచూస్తుంటాం, పార్సిల్ మాత్రం సిటీ గోడౌన్‌లో పడి ఉంటుంది. డోర్ డెలివరీయా, గోడౌన్ డెలివరీయా అన్నది కూడా పీఓ వేసేటప్పుడే తేల్చుకోండి.

ఈ-వే బిల్లు సంగతి: సరుకు విలువ 50,000 దాటితే కావాలి. ప్రతి 200 కిలోమీటర్లకి ఒక రోజు గడువు లెక్క. హైదరాబాద్ నుంచి మిర్యాలగూడకి ఒక రోజు సరిపోతుంది. రాజ్‌కోట్ నుంచి అయితే వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది, దారిలో లారీ పాడైతే గడువు అయిపోవచ్చు. గడువు ముగిసే ముందు 8 గంటలు, ముగిశాక 8 గంటల లోపు దాన్ని పొడిగించుకోవచ్చు, ఆ పని సరుకు తెచ్చే ట్రాన్స్‌పోర్టర్ చేయాలి. అందుకే గడువు తేదీ మీ దగ్గర రాసి ఉండాలి.

సెలవుల క్యాలెండర్ పక్కన పెట్టుకోండి. గుజరాత్‌లో చాలా ఫ్యాక్టరీలు దీపావళికి మూసి లాభ్ పంచమికి (దీపావళి తర్వాత వచ్చే పంచమి) గానీ తెరవరు. కోయంబత్తూరు పంపుల కంపెనీలకి సంక్రాంతి టైమ్‌లో పొంగల్. మన దగ్గర దసరా రోజుల్లో హమాలీలు దొరకరు, చాలా చోట్ల అమావాస్య రోజు కూడా అంతే. లారీ సరిగ్గా ఆ రోజే గేటుకొస్తే దించేవాళ్లు లేక హాల్టింగ్ ఛార్జీ మన నెత్తిన పడుతుంది. దీపావళి తర్వాత కావాల్సిన స్పేర్‌లకి దసరా లోపే ఆర్డర్ వేసి, ఆ తేదీలు సప్లయర్‌కి రాసి అడగండి.

భాష రాకపోతే టెన్షన్ పడక్కర్లేదు. రాజ్‌కోట్ వాళ్లతో మనకొచ్చిన హిందీ చాలు, కోయంబత్తూరు వాళ్లతో చిన్న ఇంగ్లిష్ మాటలు చాలు. కానీ అంకెలు మాత్రం ఫోన్‌లో వదిలేయొద్దు, పదిహేనుకీ యాభైకీ ఫోన్‌లో తేడా వినపడదు. సైజు, పరిమాణం, తేదీ ఎప్పుడూ మెసేజ్‌లో ఉండాలి.

లారీ డ్రైవర్‌కి లొకేషన్‌తో పాటు రెండు లైన్ల దారి కూడా పంపండి: "హైదరాబాద్ నుంచి వస్తే నార్కట్‌పల్లి దగ్గర నల్గొండ వైపు తిరగాలి, ఊళ్లోకి పెద్ద బండి రాదు, బైపాస్ మీదే రండి." మ్యాప్‌ను నమ్మి పెద్ద లారీ ఇరుకు రోడ్లో ఇరుక్కుంటే సాయంత్రం దాకా ఫోన్లు ఆగవు.

8. ఆలస్యమవుతుందని తెలిసిన వెంటనే లోపల చెప్పండి

ఇది చేయడానికి అందరికీ భయం. రేపు వస్తుందేమో, ఎల్లుండి వస్తుందేమో అని దాస్తారు. ప్రొడక్షన్ వాళ్లకి ఆలస్యం కంటే చివరి నిమిషంలో తెలియడమే ఎక్కువ నష్టం, ముందే తెలిస్తే షిఫ్టు మార్చుకుంటారు, వేరే మెషిన్ నడుపుకుంటారు, పాత ముక్కకే వెల్డింగ్ చేసి రెండు రోజులు లాగుతారు.

మెసేజ్‌లో నాలుగు విషయాలు ఉంటే చాలు: ఏ సామాను, అసలు తేదీ ఏది, కొత్త తేదీ ఏది, మనం ఏం చేస్తున్నాం.

"అన్నా, రబ్బరు రోలర్లు 12న రావాలి, లారీ సోలాపూర్ దగ్గర ఆగింది, 14 సాయంత్రం వస్తయ్ అంటున్నరు. ఈలోపు హైదరాబాద్ల రెండు జతలు దొరుకుతయ్, రేటు జర ఎక్కువ. తెప్పించమంటవా, 14 దాకా ఆగుతవా? మధ్యాహ్నం 2 లోపు చెప్పు."

కారణాలు పెద్దగా రాయకండి. సప్లయర్‌ని తిడుతూ రాయకండి కూడా, ఆ మెసేజ్ ఏదో ఒకరోజు అతని దాకా చేరుతుంది. వరి కోతల సీజన్‌లో, వానాకాలం పంటైనా యాసంగైనా, ఈ మెసేజ్‌లు రోజూ పొద్దున ఒకే టైమ్‌కి పెట్టడం అలవాటు చేసుకుంటే మీకు వచ్చే ఫోన్లు చాలా తగ్గుతాయి.

9. గేటు దగ్గర

సామాను వచ్చే ముందురోజే సెక్యూరిటీకి, స్టోర్ కీపర్‌కి, కాటా దగ్గర కూర్చునేవాళ్లకి చెప్పాలి: ఏ లారీ, ఏ సామాను, పీఓ నంబరు ఏది.

- దించే ముందే డ్యామేజ్ ఏమైనా ఉందేమో ఫొటో తీయాలి
- తూకం సరుకైతే నిండు బండి, ఖాళీ బండి రెండు కాటా చిట్టీలూ ఉండాలి
- తక్కువ వచ్చినా, పగిలినా ఎల్ఆర్ మీద రాసి డ్రైవర్ సంతకం తీసుకోవాలి
- స్టోర్ కీపర్ జీఆర్‌ఎన్ (సామాను అందినట్టు రాసే కాగితం) అదే రోజు రాయాలి
- చెక్ చేయాల్సినవాళ్లు రెండు రోజుల్లో ఓకే లేదా నాట్ ఓకే రాయాలి

తేడా కనిపిస్తే, కనిపించిన 24 గంటల్లో సప్లయర్‌కి రాతలో చెప్పండి, ఫొటోలతో. దీనికి చట్టం వైపు నుంచి కూడా కారణం ఉంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టం ప్రకారం, ఉద్యమ్ ఉన్న మైక్రో, స్మాల్ సప్లయర్ సామాను అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఆ సరుకుని మనం ఒప్పుకున్నట్టే లెక్క. ఫోన్‌లో ఎంత అరిచినా అది లెక్కలోకి రాదు.

రాసే తీరు ఇలా ఉండాలి: "మీ బిల్లు నంబరు ..., 20,000 సంచుల్లో 600 సంచుల ప్రింట్ చెరిగిపోయింది, ఫొటోలు పంపాను. మార్చి ఇస్తారా, క్రెడిట్ నోట్ ఇస్తారా? శుక్రవారం లోపు చెప్పండి." (క్రెడిట్ నోట్ అంటే ఆ మేరకు బిల్లు తగ్గిస్తూ ఇచ్చే కాగితం.) కోపం చూపించాలనిపిస్తే ఫోన్‌లో చూపించండి, రాతలో లెక్కలే ఉండాలి.

10. బిల్లు, పేమెంట్: అకౌంట్స్ వాళ్లతో కలిసి

సప్లయర్ పేమెంట్ కోసం ఫోన్ చేసేది మనకే, డబ్బు ఉండేది అకౌంట్స్ దగ్గర. మధ్యలో ఇరుక్కోకుండా ఉండాలంటే వారానికి ఒకరోజు వాళ్లతో పావుగంట కూర్చుని ఏ బిల్లు ఎక్కడ ఆగిందో రాసుకోండి. సప్లయర్లకి కూడా ఒక వారం రోజు చెప్పండి, ఉదాహరణకి గురువారం సాయంత్రం, ఆ రోజు మీరే ఫోన్ చేసి చెప్పండి. "చూస్తా, చెప్తా" అన్న మాట మాత్రం వాడకండి.

తెలిసి ఉండాల్సిన గడువులు కొన్ని:

- ఉద్యమ్ ఉన్న మైక్రో, స్మాల్ తయారీదారులకి రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో పేమెంట్ చేయాలి. దాటితే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా.
- 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్‌లోనూ దీని ప్రభావం ఉంది: ఆ గడువు దాటిన బాకీని ఖర్చుగా చూపించుకునేది కట్టిన సంవత్సరంలోనే. మార్చి నెలలో అకౌంట్స్ వాళ్లు ఉద్యమ్ సర్టిఫికెట్ల కోసం పరుగులు పెట్టేది ఇందుకే, ముందే ఇచ్చి పెట్టండి.
- నెలనెలా ఫైల్ చేసే సప్లయర్ జీఎస్టీఆర్-1 (తన అమ్మకాల బిల్లులు చూపే రిటర్న్) తర్వాతి నెల 11 లోపు వేయాలి, మన జీఎస్టీఆర్-2బీ (మనకి దొరికే పన్ను క్రెడిట్ చూపే లిస్టు) 14న తయారవుతుంది. అందులో బిల్లు కనిపించకపోతే క్రెడిట్ దొరకదు.
- బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సప్లయర్‌కి డబ్బు కట్టకపోతే తీసుకున్న క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాలి.

2బీలో బిల్లు లేదని తెలిసిన రోజే రాయండి: "సార్, మీ ... నంబర్ బిల్లు మా 2బీల కనిపిస్తలేదు. మీ అకౌంటెంట్‌ని చూడమనండి, పడంగనే పేమెంట్ పెడుతరు." ఇలా చెబితే వాళ్లకీ తొందర పుడుతుంది. ఏమీ చెప్పకుండా డబ్బు ఆపితే మాత్రం మనం ఎగ్గొడుతున్నామనుకుంటారు.

11. ఎక్కువగా జరిగే తప్పులు, సర్దుకునే దారి

*ఫోర్‌మన్ నేరుగా సప్లయర్‌కి ఆర్డర్ చెప్పేస్తాడు.* గొడవ పెట్టుకోకండి. ఆ రోజే పీఓ వేసి, సప్లయర్‌కి "మా పీఓ నంబరు లేకుండా వచ్చిన సామాను గేటు దగ్గర ఆగుతుంది" అని మర్యాదగా రాయండి. ఫోర్‌మన్‌ని విడిగా కలిసి ఎందుకు అలా చేయాల్సి వచ్చిందో అడగండి, చాలాసార్లు మన ఆలస్యమే కారణంగా తేలుతుంది.

*పది మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో ఆర్డర్లు నడుస్తుంటాయి.* గుడ్ మార్నింగ్ ఫొటోల మధ్య ఇండెంట్ మునిగిపోతుంది. ఇండెంట్లకి వేరే గ్రూపు పెట్టి, అందులో ఇండెంట్, జవాబు తప్ప ఇంకేమీ పెట్టొద్దని మొదటిరోజే చెప్పండి. రోజు చివర అందులోవన్నీ లిస్టులోకి ఎక్కించండి.

*వాయిస్ మెసేజ్‌లో సైజులు చెబుతారు.* వినండి, కానీ మీరు టైప్ చేసి తిరిగి పంపి "ఇదేనా?" అని అడగండి.

*సప్లయర్ ఫోన్ ఎత్తడం లేదు.* రోజుకి పదిసార్లు చేయకండి. ఒకసారి చేసి, మెసేజ్ పెట్టి, అటు డిస్పాచ్ నంబరుకి, తర్వాత ఓనర్‌కి వెళ్లండి. వెళ్లేముందు సేల్స్ అతనికి చెప్పండి, "సాయంత్రం దాకా చూస్త, తర్వాత సేటుతో మాట్లాడుత" అని. ఎక్కువసార్లు ఆ మాటతోనే ఫోన్ వస్తుంది.

*ఒకే సప్లయర్ మీద ఆధారపడటం.* ముఖ్యమైన ప్రతి ఐటమ్‌కి రెండోవారు ఉండాలి, వాళ్లకి ఏడాదికి ఒకటి రెండు చిన్న ఆర్డర్లైనా ఇవ్వాలి. ఎప్పుడూ కొనకుండా కష్టం వచ్చిన రోజు మాత్రమే ఫోన్ చేస్తే ఎవరూ పలకరు.

12. బ్యాంక్ అకౌంట్ మారింది అన్న మెయిల్ వస్తే

దీన్ని వేరే హెడ్డింగ్ కింద పెట్టాను, ఎందుకంటే ఒక్క మెయిల్‌తో లక్షలు పోతాయి. సప్లయర్ పేరుతోనే, లెటర్‌హెడ్ మీదే, "మా బ్యాంకు మారింది, ఇక నుంచి ఈ అకౌంట్‌కి వేయండి" అని వస్తుంది. మెయిల్ ఐడీలో ఒక్క అక్షరం తేడా ఉంటుంది, లేదా నిజమైన సప్లయర్ మెయిలే ఎవరో హ్యాక్ చేసి ఉంటారు.

- ఆ మెయిల్‌కి రిప్లై ఇవ్వకండి, అందులో ఉన్న ఫోన్ నంబరుకి చేయకండి
- మీ రెండో లిస్టులో పాతగా ఉన్న నంబరుకి ఫోన్ చేసి, మీకు తెలిసిన మనిషి గొంతు విని అడగండి
- క్యాన్సిల్డ్ చెక్కు, బ్యాంకు లెటర్ తెప్పించుకోండి
- మొదట చిన్న మొత్తం వేసి, అందిందని వాళ్లు చెప్పాకే మిగతాది వేయమని అకౌంట్స్‌కి రాయండి
- మార్పుని ఓనర్ సంతకంతోనే లిస్టులో మార్చండి

డబ్బు అప్పటికే వెళ్లిపోయి ఉంటే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మన బ్యాంకుకీ అప్పుడే చెప్పండి. ఎంత తొందరగా చెబితే అవతలి అకౌంట్‌లో డబ్బుని ఆపడానికి అంత వీలుంటుంది.